ఎంతసేపు మూసుకోవాలమ్మా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కావలి. మేడ మీద పోర్షన్‌లో అద్దెకుంటాం. పాపకు నాలుగేళ్ల ఎనిమిది నెలలు, ఎల్‌కేజీ. పొద్దున కళ్లు తెరిచింది మొదలు రాత్రి నిద్రపోయేదాకా మాటలే. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మిషన్ పక్కన కూర్చుని "సూదికి నొప్పి పుట్టదా? ఇది ఎవరి జాకెట్? ఆవిడ లావుగా ఉంటాదా?" అంటూ ఉంటుంది. చెప్పిందే మళ్లీ అడుగుతుంది. చాలాసార్లు ఫోన్ చేతికిచ్చి పని చేసుకుంటున్నాను. మా అత్తగారేమో "చిన్నప్పుడు వస ఎక్కువ పోశాం, అందుకే" అంటారు. ఇంట్లో అనుకున్నవన్నీ బయట చెప్పేస్తోంది. మొన్న కింద ఓనరమ్మ గారితో "మా నాయనమ్మ నిన్ను పిసినారి అంటాది" అని చెప్పేసింది. నాకు తల ఎత్తుకోవడానికి లేకుండా పోయింది. స్కూల్ డైరీలో 'బాగా మాట్లాడుతోంది, కంట్రోల్ చేయండి' అని రాశారు. రెండు నెలల నుంచి "నే నే నే నేను" అని తడబడుతోంది కూడా. ఆయన ఇంటికొచ్చేసరికి పాప నిద్రపోయి ఉంటుంది. పోయిన వారం అర్జెంటు ఆర్డరు ఉండి "కాసేపు నోరు మూసుకుంటావా లేదా" అని అరిచాను. రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది. కొంతసేపటికి వేళ్ల సందులోంచి "ఎంతసేపు మూసుకోవాలమ్మా?" అని అడిగింది. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఇది ఏమన్నా జబ్బా? డాక్టరుకు చూపించాలా? ఈ ఉత్తరం రాస్తుంటే కూడా పక్కనే ఉంది. "ఎవరికి రాస్తున్నావు? వాళ్లకి పాప ఉందా? ఏం కూర చేసుకున్నారు?" అని అడుగుతోంది.

ఓ అమ్మ, కావలి

సమాధానం:

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇది జబ్బులా లేదు. బాగా ఎదుగుతున్న పిల్ల, బాగా అలిసిపోయిన తల్లి కనబడుతున్నారు. నేను డాక్టర్ని కాను. ప్రకాశం జిల్లా పల్లెటూరి బడుల్లో ఏళ్ల తరబడి ఒకటో తరగతికి చెప్పి రిటైరైన టీచర్ని. వాగుడుకాయల్ని వందల్లో చూశాను, వాళ్లతో పాటు గొంతు పోగొట్టుకున్నాను. డాక్టరుతో పని ఎక్కడ పడుతుందో దాని దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

మీ ఉత్తరంలో "ఎంతసేపు మూసుకోవాలమ్మా" అన్న చోట నేను ఆగిపోయాను. మీరు అక్కడ మీ తప్పు చూసుకుని బాధపడుతున్నారు. పాప మాత్రం అలగలేదు, ఎదురు తిరగలేదు. లెక్క అడిగింది. మీరు 'కాసేపు' అన్నారు, కాసేపంటే ఎంతో తనకు తెలీదు. ఆ వయసుకు పది నిమిషాలూ గంటా ఒకటే. 'కాసేపు', 'తర్వాత', 'ఇప్పుడు కాదు', ఇవన్నీ మనం తప్పించుకోవడానికి వాడే మాటలు. వాటికి కొలత ఉండదు. పిల్లకు కంటికి కనబడే కొలత ఇవ్వండి. మీ ఇంట్లో గడియారం కంటే మంచిదే ఉంది. "ఈ జాకెట్ చెయ్యి కుట్టడం అయ్యేదాకా మాటలొద్దు. అవగానే నీ మాట వింటా" అనండి. చెయ్యి ఎక్కడిదాకా వచ్చిందో తనకు కనబడుతూనే ఉంటుంది. (బాబిన్ దారం అయిపోయేదాకా అని చెబుదామనుకున్నాను గానీ, అది లోపల ఉంటుంది, కనబడదు. పైగా దారం ఎప్పుడు అయిపోతుందో మీకే తెలీదు.)

కుట్టడం అయ్యాక మాత్రం మాట నిలబెట్టుకోవాలి. మిషన్ మీద నుంచి కాళ్లు తీసి, పాప వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పు" అనాలి. రెండో చెయ్యి బల్ల మీద పడి ఉన్నా సరే. మొదటి రోజు కుట్టు కుట్టుకీ "అయిందా? అయిందా?" అని ప్రాణం తీస్తుంది. తీయనివ్వండి. చెయ్యి అవగానే అమ్మ నిజంగానే తిరుగుతుందని నాలుగైదుసార్లు కళ్లారా చూస్తే గానీ ఎదురుచూడటం మీద నమ్మకం కుదరదు. పిల్లలకే కాదులెండి, మీ దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లకు కూడా అంతే.

చెప్పిందే మళ్లీ ఎందుకు అడుగుతుందని రాశారు కదా. దానికి ఊఁ కొట్టడం గురించి చెప్పాలి. మన ఇళ్లలో కథ చెప్పేటప్పుడు వినేవాళ్లు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిపోయిందంటే పిల్ల నిద్రపోయిందని అర్థం, కథ అక్కడికి ఆపేస్తారు. ఇప్పుడు మీ ఇంట్లో కథ చెప్పేది పాప, ఊఁ కొట్టేది మీరు. మిషన్ తొక్కుతూ, కళ్లు కుట్టు మీద పెట్టి మీరు కొట్టే ఊఁ నిద్రలో కొట్టిన ఊఁ లాంటిదే. పిల్లలు దాన్ని ఇట్టే పట్టేస్తారు. జవాబు నోట్లోంచి వచ్చింది గానీ మనిషి ఇటు రాలేదని అర్థమై మళ్లీ అడుగుతారు. ఒకసారి పరీక్ష చేసి చూడండి. ఈసారి అదే ప్రశ్న వచ్చినప్పుడు పని ఆపి, ముఖంలోకి చూసి, రెండు వాక్యాలు చెప్పండి. ఆ తర్వాత ఎన్నిసార్లు అడుగుతుందో లెక్కపెట్టండి. అప్పటికీ అడిగితే, తెలిసిన జవాబు మళ్లీ వినడం తనకు సరదా అన్నమాట. చెప్పిన కథే రోజూ చెప్పించుకోరూ? అదే ఇది.

రోజంతా అలా ముఖంలోకి చూస్తూ కూర్చుంటే ఇల్లు గడవదని మీరంటారు. నిజమే. అన్ని మాటలకీ జవాబు అక్కర్లేదు కూడా. ఈ వయసు పిల్లలు మాట్లాడేదాంట్లో చాలా భాగం వాళ్లకు వాళ్లు చెప్పుకునేదే. బొమ్మకు చీర కడుతూ "ఇట్లా చుట్టాలి, ఊహూ, జారిపోయింది, మళ్లీ చుట్టాలి" అనుకుంటారు. వైగోత్‌స్కీ అని రష్యాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు, 1934లో చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు ఇలా పైకి మాట్లాడుకుంటూ పని చేయడాన్ని ఆయన జాగ్రత్తగా పరిశీలించాడు. వాళ్లు ఆలోచించే పద్ధతే అదనీ, పెద్దవుతున్న కొద్దీ ఆ మాటలే లోపలికి పోయి మనలో నడిచే మౌనమైన ఆలోచన అవుతాయనీ చెప్పాడు. మీరు 'రెండో చెయ్యి కురచైందే, లైనింగ్ సరిపోతుందో లేదో' అని లోపల అనుకుంటారు. పాప పైకి అనుకుంటుంది. కాబట్టి చెవి కొంచెం వేసి ఉంచండి. తను మీ వైపు చూసి మాట్లాడితే అది మీకు. చేతిలో బొమ్మను చూస్తూ మాట్లాడితే అది తనకు. రెండో రకానికి మీరు జవాబు చెప్పబోతేనే పని పెరుగుతుంది.

నేనేదో మొదటి నుంచీ ఇవన్నీ తెలిసినదాన్ననుకోకండి. చీమకుర్తి దగ్గర పని చేసేటప్పుడు క్లాసులో గోల ఎక్కువైతే లీడర్ని నిలబెట్టి బోర్డు మీద 'మాట్లాడేవాళ్ల పేర్లు' రాయించేదాన్ని. రోజూ మొదటి పేరు ఒకడిదే. వాళ్ల నాన్న గ్రానైట్ క్వారీలో పనికి పోయేవాడు. ఒకరోజు లెక్కలు చెబుతుంటే లేచి, నిక్కరు జేబులోంచి నల్లరాయి ముక్క తీసి, "టీచర్, దీంట్లో బంగారం చుక్కలు ఎవురు పెట్టారు?" అన్నాడు. "నీ పేరు బోర్డు మీద ఉంది చూడు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. చీమకుర్తి గెలాక్సీ రాయిలో ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిదని చాలా ఏళ్ల తర్వాత ఎక్కడో చదివాను. అప్పటికి వాడు ఎక్కడున్నాడో నాకు తెలీదు. జవాబు తెలియకపోతే పోయింది, "నాకూ తెలీదురా, ఏదీ ఇలా ఇవ్వు" అని ఆ రాయి చేతిలోకి తీసుకున్నా సరిపోయేది. రెండు నిమిషాల పని. ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఆ నల్ల గచ్చు చూస్తే వాడు గుర్తొస్తాడు.

అందుకని ప్రతి 'ఎందుకు'కీ మీకు జవాబు తెలిసి ఉండాలని టెన్షన్ పడకండి. తెలిసినా వెంటనే చెప్పకండి. "నువ్వేమనుకుంటున్నావు?" అని అడగండి. కావలి నుంచి నెల్లూరుకు రైల్లో పోతారు కదా. పడుగుపాడు దాటి పెన్న వంతెన మీదికి రాగానే, వేసవిలో అయితే ఇసుకే కనబడుతుంది. "నీళ్లు యాడికి పోయాయి?" అని కచ్చితంగా అడుగుతుంది. మీరు సోమశిల డ్యామ్ గురించి మొదలుపెట్టొద్దు. "నువ్వు చెప్పు, ఎక్కడికి పోయుంటాయి?" అనండి. సముద్రం తాగేసిందంటుంది, సూర్యుడు తాగేశాడంటుంది, రైలు తొక్కేసిందంటుంది. ఆ తర్వాత "పైన సోమశిల దగ్గర గోడ కట్టి నీళ్లు ఆపుతారు, పొలాలకు వదులుతారు" అని ఒక్క ముక్క చెబితే చాలు. మిగతాది తను నెల్లూరు స్టేషన్‌లో దిగేదాకా అల్లుకుంటుంది. ఏడు చేపల కథ ఏముంది చెప్పండి? చేప ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చింది, ఆవు ఎందుకు మేయలేదు, చివరికి చీమ ఎందుకు కుట్టింది. మన పెద్దవాళ్లు 'ఎందుకు'లన్నీ గుదిగుచ్చి పిల్లలకు ఇచ్చిన కథ అది. ఆ పెద్దవాళ్లే "ఎందుకు ఎందుకని విసిగించకు" అని కసురుకుంటారు, అదొక విచిత్రం.

మీ అత్తగారి దగ్గరికి వస్తున్నా. ఆవిడ గురించి మీరు రాసినదాంట్లో కొంచెం చిరాకు ఉంది, ఫర్వాలేదు. కానీ మీరు మిషన్ మీద, మీ ఆయన డ్యూటీలో, పాప బడిలో ఉంటే, ఆవిడతో మాట్లాడేవాళ్లు ఎవరు? మాటలు పొంగిపోయే మనిషి ఒకరు, మాటలకు మొహం వాచిన మనిషి ఒకరు ఒకే ఇంట్లో ఉండి, ఇద్దరూ మీ చుట్టూనే తిరుగుతున్నారు. బడి నుంచి వచ్చి తిన్నాక వాళ్లిద్దర్నీ రోజూ ఒకే వేళకు కలపండి. చూసుకోండి అని అప్పజెప్పినట్టు కాకుండా, "అత్తయ్యా, మీ చిన్నప్పటి సంగతులు దానికి చెప్పండి, నన్ను రోజూ అడుగుతోంది" అనండి. గవ్వలుంటే అష్టాచెమ్మా ఆడించమనండి. లేకపోతే చింతపిక్కలు. గవ్వలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే ఆట. రెండోవాళ్లు తమ వంతు వచ్చేదాకా చూస్తూ ఉండాలి. మీ పాప నేర్చుకోవాల్సింది ఈ వంతే. నోరు తగ్గించుకోవడం నేర్పక్కర్లేదు.

స్కూల్ డైరీకి కూడా నా జవాబు ఇదే. ఆ టీచరుది చెడ్డ ఉద్దేశమై ఉండదు. క్లాసునిండా పిల్లలుంటే ఒక్క నోరు ఎంత పని పెడుతుందో నాకు తెలుసు. డైరీ చూసి పాపను తిట్టకండి. ఒకసారి వెళ్లి రెండు సంగతులు అడగండి. పక్కపిల్ల మాట్లాడుతుంటే ఇది వింటుందా, అడ్డు పడుతుందా? చెప్పిన పని చేస్తూ మాట్లాడుతుందా, పని మానేసి మాట్లాడుతుందా? మొదటి రకాలైతే అది మంచి బుర్ర, కాస్త పని చెబితే చాలు. పుస్తకాలు పంచమనడం, పద్యం ముందు చెప్పించడం లాంటివి. రెండో రకాలైతే ఇంట్లో గవ్వలాట ఇంకొన్నాళ్లు ఆడించాలి.

ఓనరమ్మ గారి సంగతి చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకండి. గోడలకు చెవులుంటాయంటారు. మీ ఇంట్లో ఆ చెవులకు నోరు కూడా ఉంది. పాప అబద్ధమేమీ చెప్పలేదు కదా. ఒక మాట అంటే ఎదుటి మనిషి నొచ్చుకుంటారన్న ఊహ నాలుగైదేళ్లకు ఇప్పుడిప్పుడే మొదలవుతుంది. పక్కవాళ్ల గురించి అనుకునేవి పాప పడుకున్నాక అనుకోండి, లేదా అసలు మానేయండి. ఓనరమ్మ గారికి ఒక గిన్నెలో ఏదైనా పట్టుకెళ్లి "చిన్నపిల్ల, ఏదో అనేసింది" అని రండి. మీ అత్తగారు వెళ్తే ఇంకా బాగుంటుంది గానీ, వెళ్లరు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఇంట్లో మాట బయట చెప్పావంటే వాత పెడతా", "ఎవరికీ చెప్పకు" అని మాత్రం పాపను భయపెట్టకండి. పిల్లల మీద చెయ్యి వేసే దుర్మార్గులు కూడా ముందు వాడే మాట అదే: ఎవరికీ చెప్పకు. ఆ మాటకు పిల్లను మనమే అలవాటు చేయకూడదు. "అమ్మకు చెప్పకూడనిది అంటూ ఏదీ ఉండదు. ఎవరైనా అమ్మకు చెప్పొద్దు అంటే అదే ముందు చెప్పాలి" అని వారానికోసారి అనండి. ఇలా గలగలా మాట్లాడే పిల్ల ఉన్నట్టుండి మూగబోతే అప్పుడు కంగారు పడాలి. ఏం జరిగిందో కూర్చోబెట్టి నెమ్మదిగా కనుక్కోవాలి. పిల్లల సహాయానికి 1098 నంబరు రాత్రీ పగలూ పని చేస్తుంది, ఫోన్‌లో పెట్టుకోండి. ఇంటి మాటలకైతే వేరే ఆట ఉంది. "ఈ మాట వాళ్లతో అంటే వాళ్లు నవ్వుతారా, ఏడుస్తారా?" అని అడుగుతుండండి. మొదట్లో తప్పు చెబుతుంది. చెప్పనీయండి.

"నే నే నే" గురించి. రెండు నుంచి ఐదేళ్ల మధ్య చాలామంది పిల్లలకు ఇలా వస్తుంది. చెప్పాలనుకున్నది బోలెడు ఉంటుంది, నోరు అంత వేగంగా కదలదు. ఎక్కువమందికి దానంతటదే పోతుంది. ఆడపిల్లల్లో ఇంకా ఎక్కువగా పోతుంది. మీరు చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడం. "మెల్లగా చెప్పు", "ఊపిరి పీల్చుకుని చెప్పు" అనొద్దు. మాట మీరు పూర్తి చేయొద్దు. ఎవరినీ వెక్కిరించనివ్వొద్దు. పాపను మార్చడం మాని మీరే కొంచెం నిదానంగా మాట్లాడండి. అయితే ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, మాట రాక ముఖం బిగుసుకుంటుంటే, కళ్లు గట్టిగా మూసుకుంటుంటే, మాట్లాడటానికి వెనకాడుతుంటే, ఇంట్లో ఇంకెవరికైనా నత్తి ఉంటే, ఆలస్యం చేయకుండా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. అలాగే టీవీ సౌండు పెంచమనడం, పిలిస్తే పలక్కపోవడం, ప్రతిదానికీ "ఆఁ?" అనడం ఉంటే చెవులు పరీక్ష చేయించాలి. ఎవరు విన్నా వినకపోయినా ఒకే విషయం గంటలకొద్దీ చెబుతూ, ఎదుటివాళ్ల ముఖం చూడకుండా, తోటిపిల్లలతో ఆడకుండా ఉన్నా పిల్లల డాక్టరుకు చెప్పాలి. అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాలు ఇలాంటివి ఉచితంగానే చూస్తాయి. ఆ పథకం 2013 నుంచి ఉంది. మీ ఏఎన్‌ఎం గారిని అడిగితే ఎక్కడికి తీసుకెళ్లాలో చెబుతారు.

వస వల్ల మాటలు పెరగవు. 'వసపిట్ట' అని ముద్దుగా పిలుచుకోవడానికి బాగుంటుంది, అంతే. పైగా వస కొమ్ము మంచిది కాదు. దాంట్లో హాని చేసే పదార్థం ఉందని అమెరికాలో 1968లోనే ఆహారంలో వాడకుండా నిషేధించారు. మీ అత్తగారితో వాదన వద్దు. మళ్లీ పసిబిడ్డ పుడితే ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏదీ పోయనివ్వకండి.

ఫోన్ గురించి మీరు అంత అపరాధంగా రాయక్కర్లేదు. అర్జెంటు ఆర్డరు రోజున అరగంట చూస్తే కొంప మునగదు. రెండేళ్లు దాటి ఐదేళ్లలోపు పిల్లలకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, ఆ గీత దాటకుండా చూసుకోండి. కానీ నోరు తెరిచినప్పుడల్లా ఫోన్ ఇస్తే, నోరు తెరిస్తే ఫోన్ వస్తుందని నేర్చుకుంటుంది. ఇవ్వదలిస్తే మీరు అనుకున్న వేళకు ఇవ్వండి, తన గొంతు ఆపడానికి ఇవ్వకండి. దాని బదులు ఒక పలక కొనిపెట్టండి. మార్కాపురం రాతిపలక, చెక్క ఫ్రేముది, దొరికితే. మీ చెయ్యి కుట్టడం అయ్యేదాకా ప్రశ్నలు మర్చిపోకుండా దాని మీద బొమ్మ గీసి పెట్టుకోమనండి. తీరా మీరు తిరిగేసరికి ఆ గీతలు ఏమిటో తనకే గుర్తుండదు, ఇంకో మూడు కొత్తవి అడుగుతుంది. అయినా మీకు ఒక చెయ్యి పూర్తవుతుంది.

మీ ఆయన గురించి ఒక్క వాక్యమే రాశారు. ఆయన వచ్చేసరికి పాప నిద్రపోయి ఉంటుందని. మరి ఆదివారం ఉంటుంది కదా. ఆదివారం పొద్దున పాపను బండి మీద తుమ్మలపెంట బీచికి తీసుకెళ్లమనండి. అలలు ఎందుకొస్తాయో, పీత అడ్డంగా ఎందుకు నడుస్తుందో ఆయన్ని అడగనివ్వండి. వారమంతా మీరు వింటున్నది ఆయన మూడు గంటలు వినాలి. మీరు వెళ్లొద్దు. ఆ మూడు గంటలు కుట్టొద్దు కూడా. తలుపు దగ్గరికేసి పడుకోండి. మొదటి అరగంట ఇల్లు ఏదోలా ఉంటుంది, తర్వాత నిద్ర పట్టేస్తుంది. మీరు పోయిన వారం అరిచింది పాప మాటలు ఎక్కువై కాదు, మీకు నిద్ర తక్కువై అని నా అనుమానం. అరిచినందుకు పాపకు సారీ చెప్పండి, ఒక్కసారి చాలు. "అమ్మకు కోపం వచ్చి అరిచింది, నీ మాటలు బాగానే ఉంటాయి" అనండి.

ఇక మీ పక్కన కూర్చున్నావిడ అడిగినవి ఉండిపోయాయి. ఈ ముక్క చదివి వినిపించండి. ఎవరికి రాస్తున్నావంటే, ఒంగోల్లో ఉండే ఒక టీచరమ్మకు. నాకూ పాప ఉందమ్మా, పెద్దదైపోయింది, ఉద్యోగం చేస్తోంది. రోజూ రాత్రి ఫోన్ చేసి నీకంటే ఎక్కువ మాట్లాడుతుంది. ఇవాళ దోసకాయ పప్పు చేసుకున్నాను. ఎందుకు దోసకాయ అని అడుగుతావు, తెలుసు. ఇంట్లో అదే ఉండింది.